మాది పాత గుడి కాదమ్మా

పాత గుళ్లు చూసి రమ్మని నన్ను పంపారు. మూడు రోజులు తిరిగాను. మూడు చోట్లా వినిపించిన మాట ఇంచుమించు ఒకటే: "మాది పాతది కాదమ్మా." గోడలు చూస్తే నిజాం కాలం నాటివి, మనుషుల్ని అడిగితే మొన్న మొన్ననే కట్టామంటారు. మూడో రోజు మధ్యాహ్నం దాకా పిచ్చి నాకు పట్టిందో వాళ్లకు పట్టిందో తేలలేదు.

ముందుగా ఒక సంగతి చెప్పాలి. ఇక్కడ గుడి అంటే చర్చి. మా గుంటూరు వైపు చర్చిని చర్చి అనో, దేవుని మందిరం అనో అంటాం. పాలమూరు, నల్లగొండ పల్లెల్లో క్రైస్తవులు గుడి అనే అంటారు. పాస్టరుగారిని అయ్యగారు అంటారు. నేను పెళ్లయి హైదరాబాదు వచ్చి, మా ఆయన వెంట మెథడిస్టు సంఘంలో చేరి పాతికేళ్లు దాటింది. అయినా గుడి అనగానే ఇప్పటికీ నాకు ధ్వజస్తంభమే కళ్లముందుకు వస్తుంది.

మా నగరం సంఘం వాళ్లు ఒక పథకం వేశారు. మిషనరీ దొరలు కట్టిపోయిన చిన్న చిన్న ప్రార్థన మందిరాలు పల్లెల్లో ఆదివారం తప్ప మిగతా రోజుల్లో తాళం వేసి ఉంటున్నాయి. వాటిలో ఒకదాన్ని ఎంచుకుని, కప్పు బాగు చేయించి, వారమంతా తెరిచి ఉంచాలి. దారిన పోయేవాళ్లు ఏ మతం వాళ్లయినా వచ్చి కూర్చోవచ్చు, మంచినీళ్లు తాగవచ్చు, పాత ఫోటోలు చూడవచ్చు. కావాలంటే పక్కగదిలో ఒక రాత్రి ఉండవచ్చు. వాళ్లు పెట్టెలో వేసి వెళ్లినది ఆ ఊరి పిల్లల సాయంత్రం చదువుకూ, సంఘం చేసే సేవకూ ఉపయోగపడుతుంది. మూడు మందిరాలు చూసి ఒక్క పేరు రాసుకురావడం నా పని.

రిటైరైన తెలుగు టీచర్ని కదా, ముందుగా ఆ మూడు ఊళ్లకూ ఉత్తరం కూడా నాచేతే రాయించారు. మంచి ఉత్తరం. రాశాక రెండుసార్లు పైకి చదువుకుని మురిసిపోయాను. ఆ ఉత్తరం అందుకుని ఒక ముసలామె తను ఉంటున్న గదికి తాళం వేసి, అది తనది కాదని చెప్పుకోవలసి వచ్చిందని అప్పుడు నాకేం తెలుసు!

ఊళ్ల పేర్లు రాయను. వాళ్లే వద్దన్నారు. భువనగిరి, జడ్చర్ల, ఆలంపూర్ పక్క ఊళ్లు అనుకోండి, చాలు.

భువనగిరి: గుట్ట కింద

బస్సెక్కగానే మొదటి దెబ్బ తగిలింది. ఆడవాళ్లకు టికెట్టు లేదు కదా అని దర్జాగా ఆధార్ కార్డు తీసి చూపించాను. కండక్టరమ్మాయి దాన్ని అటూ ఇటూ తిప్పింది.

"గిది గుంటూరు కార్డు గదమ్మా. ఫ్రీ ఈడోళ్లకే. పైసలియ్యి."

"పుట్టింటికి వెళ్లినప్పుడు తీయించిన కార్డది. పాతికేళ్ల నుంచి ఇక్కడే ఉంటున్నానమ్మా!"

"నువ్వుంటున్నవ్, కార్డు ఉంటలేదు" అంది ఆ అమ్మాయి. బస్సంతా నవ్వింది. పక్కనున్నావిడ జాలిపడి తన జామకాయ విరిచి సగం నాకిచ్చింది. టికెట్టు పోతే పోయింది, జామకాయ మాత్రం తియ్యగా ఉంది.

భువనగిరిలో అందరూ చూడటానికి వచ్చేది గుట్టమీది కోట. ఒక్క బండరాయే అంత ఎత్తుగా లేచి ఊరి మీదికి తొంగి చూస్తుంటుంది. మార్చి నెలాఖరు ఎండకు ఆ బండ సెగ బస్టాండు దాకా కొడుతున్నట్టే అనిపించింది. నేను కోట వైపు కూడా చూడకుండా, ముప్పై రూపాయలకు నాలుగు మిరపకాయ బజ్జీలు తిని, ఆటో ఎక్కి పల్లెకు వెళ్లాను.

గుడి తాళం పక్కనే బట్టలు కుట్టే రూబెన్ దగ్గర ఉంటుంది. ఉత్తరం అందిందా అని అడిగితే తల దించుకుని అందిందన్నాడు. తలుపు తీశాడు. గోడల మందం నా చేతులతో కొలిస్తే రెండు మూరలు వచ్చింది. కిటికీలు పైన కోసుగా ఉన్నాయి. దూలాలు చేతి పని.

"ఎప్పుడు కట్టారు బాబూ?"

"ఈ నడుమనే మేడం."

"ఈ నడుమంటే?"

రూబెన్ చాలాసేపు ఆలోచించాడు. "మా అన్న పెండ్లికి జర ముంగట."

వాళ్లన్నకు ఎన్నేళ్లని అడిగితే చెప్పడు. గుమ్మం పక్కన శిలాఫలకం ఉండవలసిన చోట మార్చి నెలలో కూడా క్రిస్మస్ శుభాకాంక్షల బ్యానరు వేలాడుతోంది. దాని అంచు పట్టుకుని ఎత్తబోయాను. రూబెన్ పరుగెత్తుకొచ్చి, "వద్దు మేడం, ఎన్క బల్లులుంటయి" అని అడ్డం నిలబడ్డాడు. బల్లికి భయపడే వయసా నాది? అయినా మర్యాద కాదని ఊరుకున్నాను.

వాళ్లావిడ మాత్రం సర్వపిండి చేసి పెట్టింది. బియ్యప్పిండి, వేరుశనగలు, నువ్వులు కలిపి గిన్నెకే అద్ది కాల్చిన రొట్టె అది. మా దిబ్బరొట్టెకు చుట్టమనుకుని మెత్తగా ఉంటుందని కొరికాను, పళ్లు కదిలాయి. రెండోది అడిగి మరీ తిన్నాను. వచ్చేస్తూ పుస్తకంలో "కొత్తది?" అని రాసుకుని ప్రశ్నార్థకం రెండుసార్లు దిద్దాను.

జడ్చర్ల: గోడౌను

జడ్చర్లలో రోడ్ల కూడలి, లారీల మోత, మందుల కంపెనీల నుంచి వచ్చే ఘాటు వాసన. హోటల్లో టీ పదిహేను రూపాయలు. గ్లాసు చిన్నది, చక్కెర పెద్దది. అక్కడికి దగ్గర్లోని పల్లెలో గుడి బాధ్యత చూసే ఆమె పేరు బాలమణి. మందుల కంపెనీలో పని చేస్తుంది. నాకోసం ఆ రోజు సెలవు పెట్టిందట. ఆ మాట విని సంతోషించాను.

తలుపు తీసేసరికి లోపల చింతపండు బస్తాలు. వాటి మీద టెంట్ హౌస్ కుర్చీలు, కుర్చీల మీద వంట గుండిగలు.

"ఇది గుడి కాదమ్మా?"

"గుడి కాదు మేడం. గోడౌను" అంది బాలమణి, నా మొహం చూడకుండా.

కుర్చీల సందుల్లోంచి ప్రసంగ వేదిక కనిపిస్తోంది. దాని మీద చెక్కిన సిలువ కూడా కనిపిస్తోంది. ఆ సిలువకు ఎవరో తువ్వాలు తగిలించారు. గోడౌనుకు గంట ఎందుకని పైకి చూపిస్తూ అడిగాను. "గది ముందటి నుంచే ఉన్నది" అని, వెంటనే నాలుక కరుచుకుంది.

"మేడం, మీరు కలెక్టర్ ఆఫీసు నుంచా?"

"కాదమ్మా, సంఘం నుంచి."

"సంఘమంటే, ఏ సంఘం?"

"మన సంఘమే!"

ఆమె నమ్మలేదు. అయినా అన్నానికి కూర్చోబెట్టింది. జొన్నరొట్టె, పచ్చిపులుసు, ఉల్లిగడ్డ కారం. మా ఇళ్లలో రొట్టె పలహారం, ఇక్కడ అదే భోజనం. పచ్చిపులుసు రుచికి రొట్టె ఎన్ని తిన్నానో లెక్క మరిచాను. నేను తింటున్నంతసేపూ ఆమె విసనకర్రతో విసురుతూనే ఉంది. చివరికి చెయ్యి కడుక్కుంటుంటే దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అంది:

"మేడం, మా గుడి పేరు రాయకుండ్రి. మీకు పుణ్యముంటది."

నా బుర్ర తిరిగిపోయింది. బాగు చేయిస్తామని వస్తే ఎవరైనా పేరు రాయండని బతిమాలుతారు, రాయొద్దని బతిమాలడమేమిటి? హైదరాబాదుకు ఫోన్ చేసి మా కార్యదర్శి విక్టర్‌గారికి చెప్పాను. ఆయన నగరంలోనే పుట్టి పెరిగిన మనిషి, తెలుగు మాటలకు ఇంగ్లీషులో అర్థం వెతుక్కుంటారు. "పల్లెల వాళ్లు కదండీ, మొహమాటపడుతున్నారేమో" అన్నారు. మొహమాటపడి గుడిని గోడౌను చేసుకునేవాళ్లను నేనెక్కడా చూడలేదు.

ఆలంపూర్: ఏ గుడి, ఏ అయ్యగారు

మూడో రోజు ఆలంపూర్లో తప్పు పూర్తిగా నాదే. రెండు రోజుల్లో ఇక్కడి మాట పట్టుబడిందన్న గర్వంతో, ఆటో నడిపే ఖాజాతో స్థానికురాలిలా చెప్పాను: "పాత గుడికి పోవాలె. అయ్యగారు ఎదురు చూస్తుంటరు."

అతను నన్ను నేరుగా నవబ్రహ్మ ఆలయాల దగ్గర దింపి నూట యాభై తీసుకున్నాడు. ఎర్రరాతి గుళ్లు, వెనక తుంగభద్ర. నేను బైబిలు సంచితో బిత్తరపోయి నిలబడితే ఒక పూజారిగారు ఎదురొచ్చి, ఏ పూజ చేయించాలమ్మా అని అడిగారు. నేను ఎక్కడికి వెళ్లాలో చెప్పాను. ఆయన కడుపు పట్టుకుని నవ్వారు.

"మీకు కావలసిన అయ్యగారు నేను గాదమ్మా. ఆ ఊరు ఇంకో నాలుగు కిలోమీటర్లు. కూసోండి, నీళ్లు తాగి పోండి."

నీళ్లతో పాటు కొబ్బరిముక్క కూడా ఇచ్చారు. ఇన్ని గుళ్లున్నాయే, అన్నింట్లో పూజ చేస్తారా అని అడిగాను. "ఈ తొమ్మిదింట్ల బాలబ్రహ్మ స్వామికే పూజ. మిగిలినయి చూసి పోయేటందుకు" అన్నారు ఆయన. చెక్కడాలు చూస్తూ ఆ మాటను అప్పుడు పట్టించుకోలేదు.

ఖాజా మళ్లీ ఆటో తిప్పుతూ నామీదే కోప్పడ్డాడు. "ఈసాయోళ్ల గుడి అని ముందే అనొద్దా అమ్మా? గుడి అంటే గుడే అనుకున్న!" కొసరు కిరాయి మాత్రం తీసుకోలేదు.

పక్కగది

ఈ ఊరి గుడి మూడింట్లో అందమైనది. రాతి గోడలు, ముందు చిన్న అరుగు, చుట్టూ ఎండబెట్టిన మిరపకాయలు. సంఘ పెద్ద దేవదానం అరవై దాటిన మనిషి. భుజం మీది తువ్వాలు తీసి నమస్కారం పెట్టాడు. నేను నోరు తెరవకముందే, "మాది పాత గుడి కాదమ్మా" అన్నాడు. గుమ్మం పక్కన గోడ మీద చదరంగా ఒక్కచోట మాత్రం కొత్త సున్నం మెరుస్తోంది.

ఒక ముసలామె వాకిలి ఊడుస్తోంది. పేరు మరియవ్వ అని చెప్పింది. ఇక్కడే ఉంటావా అవ్వా అని అడిగాను.

"లేదమ్మా, ఊర్ల ఉంట. ఊకి పోదామని వచ్చిన."

"ఆ పక్కగది?"

"సామాన్ల అర్ర" అన్నాడు దేవదానం చప్పున. తలుపుకు తాళం కప్ప వేలాడుతోంది.

నేను టేపు తీసుకుని గుడి చుట్టూ కొలతలు వేయడం మొదలుపెట్టాను. టోపీ పెట్టుకోమని మా ఆయన చెప్పిన మాట వినలేదు. రెండో గోడ దగ్గర కళ్లు బైర్లు కమ్మాయి. మూడో గోడ దగ్గర మిరపకాయల మధ్య కూలబడ్డాను. దేవదానం నా తలమీద తువ్వాలు కప్పి, చెట్టు నీడకు మోసుకుపోదామని ఎవరినో కేకేస్తున్నాడు. మరియవ్వ చీపురు అవతల పారేసి, నడుముకు దోపుకున్న తాళంచెవి తీసింది.

"అవ్వా!" అన్నాడు దేవదానం.

"ఏంది అవ్వా? మనిషి పాణం పోతాంది, నువ్వేమో అర్ర దాస్తున్నవ్! జరుగు" అని తలుపు తీసింది.

నన్ను నులకమంచం మీద పడుకోబెట్టారు. తడిగుడ్డ నుదుటి మీద వేసి, ఉప్పు, ఉల్లిగడ్డ ముక్కలు వేసిన పల్చటి అంబలి చెంబుతో తాగించింది మరియవ్వ. అలాంటి రుచి నేను నా జన్మలో ఎరగను. కాసేపటికి కళ్లు నిలిచి చుట్టూ చూశాను. పొయ్యి ఇంకా వేడిగానే ఉంది. దండెం మీద రెండు చీరలు. గోడకు ఒక పెద్దాయన ఫోటో. అది సామాన్ల గది కాదు, మరియవ్వ ఇల్లు. పెనిమిటి ఈ గుడికి కాపలా ఉండేవాడట. ఆయన పోయాక కూడా ఆమె ఇక్కడే ఉంటూ గంట కొడుతోంది. ఊళ్లో ఆమెకు వేరే ఇల్లు లేదు.

మూలన చుట్టిన చాపలు ఏడెనిమిది, బోర్లించిన స్టీలు గ్లాసులు పదికి పైనే. ఒక్క మనిషికి ఇన్ని చాపలెందుకని అడిగాను.

"నాకెందుకమ్మా? పొద్దుగాల కర్నూలు దవాఖానకు పోయేటోళ్లు ఉంటరు. చంటిపిల్లలు, నీళ్లాడనీకె పోయే కడుపుతోటి ఆడోళ్లు, ముసలోళ్లు. ఎవరెవరి ఊర్ల నుంచో వస్తరు. బస్సు వచ్చేదాంక గుళ్లనే నడుము వాలుస్తరు. ఛాయ్ పోస్త, అంతే."

దేవదానం గడప దగ్గర తువ్వాలు నలుపుతూ నిలబడ్డాడు, కాపీ కొడుతూ దొరికిపోయిన పిల్లాడిలా.

నా తెలుగు

"ఎందుకయ్యా ఈ అబద్ధాలన్నీ?" అన్నాను. కోపంగా కాదు, నిజంగానే అర్థం కాక.

అతను బైబిల్లోంచి మడతపెట్టిన కాగితం తీసి నా చేతిలో పెట్టాడు. నా ఉత్తరమే. మంచం మీదే లేచి కూర్చుని చదివాను. "తమ చారిత్రక మందిరమును సందర్శకుల నిమిత్తము స్వీకరింప నిశ్చయించితిమి. ఆవరణయందలి గదులను పరిశీలనార్థము సిద్ధముగా నుంచవలెను."

"మా నాయిన కాలంల ప్రాజెక్టు కింద భూమి పోయింది మేడం" అన్నాడు దేవదానం. "అప్పుడు గూడ గిట్లనే కాయితమొచ్చింది. గిదే తెలుగు. నిశ్చయించితిమి అని రాసినంక ఎవడన్న ఆగిండా? ఇగ చారిత్రకం అంటిరి. ఆలంపూర్ల చూసిరి గద, సర్కారు బోర్డు పెట్టిన గుళ్లు చూసి పోయేటందుకే. రేపు మా గుళ్ల పాట పాడనిస్తరా? గదులు తీసుకుంటే అవ్వ యాడికి పోవాలె? కాయితంల మూడూర్ల పేర్లుండె, మూడూర్లోళ్లం ఫోన్ల మాట్లాడుకున్నం. పాతది కాదని అందాం, పోతరు అనుకున్నం."

బ్యానరు వెనక బల్లులు, చింతపండు గోడౌను, గోడ మీది కొత్త సున్నం, అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. నాకు సిగ్గుతో మళ్లీ కళ్లు తిరిగినంత పనయింది. మీ గుడి బాగోగులు మేం చూసుకుంటామన్న అర్థంలో స్వీకరించడం అని రాశాను నేను. గ్రాంథికంలో రాస్తే గౌరవంగా ఉంటుందనుకున్నాను. ముప్పయ్యేళ్లు పిల్లలకు తెలుగు చెప్పాను కానీ, ఆ తెలుగు ఏయే ఇళ్లకు ఏయే కాగితాల మీద వెళ్లిందో ఒక్కరోజూ ఆలోచించలేదు. ఇద్దరికీ చేతులు జోడించి క్షమించమన్నాను. మామూలు మాటల్లో పథకం మొదటి నుంచీ చెప్పాను.

మరియవ్వ అంతా విని ఒక్కటే అడిగింది. "రాస్తే నా అర్ర పోతదా?"

అబద్ధం చెప్పలేకపోయాను. "పోవచ్చు అవ్వా. పక్కగది వచ్చేవాళ్లకని రాసుకున్నారు."

"రాయకుంటే?"

"కప్పు బాగు కాదు." వర్షం కారిన చారలు సరిగ్గా ఆమె మంచం మీది కప్పుకే ఉన్నాయి.

"వచ్చేటోళ్లు వస్తనే ఉన్నరు గదమ్మా. మీరు కొత్తగ పిలిచేదేంది?"

పథకంలో ఉన్నవన్నీ ఆమె ఏనాటి నుంచో చేస్తోంది. దానికి మేం పేరు పెట్టాం, ఆమె పెట్టలేదు. ఆఖరికి తనే తేల్చింది. "రాసుకో. వానొస్తే దవాఖానోళ్ల మీద కారుతాంది. కాని నేను యాడికీ పోను, గది గూడ రాయి." ఈసారి పెద్ద తెలుగు వద్దని దేవదానం అందుకున్నాడు.

ఒక్క పేరు

ఇంటికి వచ్చి కమిటీ ఫారం నింపడానికి కూర్చున్నాను. ఆ ఊరి పేరే రాశాను. అతిథుల కోసం గది ఉందా అన్నచోట "గుడి అంతా ఉంది" అని రాశాను. చూసుకునేవారు ఎవరు అన్నచోట ఒక్క మాట: "మరియవ్వ." నివాసం: "పక్కగది."

నాలుగు రోజులకు విక్టర్‌గారు ఫోన్ చేశారు. "సుగుణగారూ, ఒక చిన్న డౌటు. మరియవ్వ అంటే పేరా, పోస్టా? వార్డెన్ లాంటిదా?"

నేను నవ్వబోయి ఆగిపోయాను. పేరంటే ఒక ముసలామె. రేపు గది ఖాళీ చేయమంటే చేయాలి. పోస్టంటే కాగితం మీద ఉంటుంది, దానికి నివాసం కూడా ఉంటుంది. ఒక మాటతో నేను చేసిన చెడుపు ఇంకో మాటతో పోతుందంటే, దేవుడు నన్ను క్షమించకపోతాడా?

"పోస్టేనండీ" అన్నాను.

"మిగతా మందిరాలకు కూడా ఒక్కో మరియవ్వ ఉండాలంటారా?"

"ఉంటే చాలా మంచిది."

మంజూరు కాగితం వచ్చింది. కప్పు మరమ్మతు. దాని కింద, "మరియవ్వ: ఒక పోస్టు, పక్కగదిలో నివాసంతో." దేవదానం ఫోనుకు చేసి అవ్వకు ఇవ్వమన్నాను. కాగితంలో ఉన్నది చదివి వినిపించాను. ఆమెకు సగం అర్థమైంది, సగం కాలేదు.

"పోస్టంటే, నా అర్రల ఇంకెవరన్న వస్తరా?"

"నువ్వున్నన్నాళ్లూ ఎవరూ రారు అవ్వా."

"మరి నేను పోయినంక వచ్చేటామెను గూడ మరియవ్వ అనే పిలుస్తరా?"

నాకు తెలియదు. ఆ సంగతి నేను ఆలోచించనే లేదు. "పిలుస్తారనే అనుకుంటున్నా" అన్నాను.

పక్కన దేవదానం ఏదో అడుగుతుంటే ఉండమన్నట్టుంది.

"అట్లయితే ఆమెకు జర ముందే చెప్పాలమ్మా" అంది అవ్వ. "దవాఖానోళ్లు తెల్లారకముందే తలుపు కొడతరు, ఎవరని అడగొద్దు, తియ్యాలె అని."